అడవిలో గుడారాలు – అంచున గ్రామాలు

బెంగళూరు నగర జీవితంతో విసిగినవారు వారాంతాల్లో కోలారు జిల్లా కొండల బాట పట్టడం కొత్త విషయం కాదు. కోలారు పట్టణాన్ని ఆనుకుని ఉన్న అంతరగంగ కొండకు, అక్కడి బండరాళ్ల నడుమ ఉన్న గుహలకు చాలా ఏళ్లుగా యువజనులు వస్తూనే ఉన్నారు. పగలు కొండ ఎక్కి సాయంత్రానికి దిగిపోవడం ఒక పద్ధతి. రాత్రికి అక్కడే గుడారం వేసుకుని, నెగడు చుట్టూ కూర్చుని, అడవి నిశ్శబ్దాన్ని అనుభవించి తెల్లవారాక వెళ్లడం మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతిపై మోజు దక్షిణాది రాష్ట్రాలన్నిటా పెరుగుతున్నది. బంగారుపేట తాలూకా సరిహద్దు కొండలు, లోయలు ఆ మోజుకు అందనంత దూరంలో లేవు.

అడవిలో ఒక రాత్రి గడపాలన్న కోరికను తప్పు పట్టనక్కర లేదు. చెట్టును, చుక్కలను, చీకటిని చూడని తరం ఒకటి నగరాల్లో పెరుగుతున్నప్పుడు వారు అడవికి రావడం మేలే. అయితే నగరవాసి విశ్రాంతి కోసం వెతుక్కునే ఆ రాత్రినే అడవి అంచున ఉన్న రైతు మంచెమీద మేలుకుని గడుపుతున్నాడు. ఒకరికి అది వినోదం, మరొకరికి కాపలా. ఈ రెండూ ఒకే అడవిలో ఇమడవలసి వచ్చినప్పుడు నిర్ణయం ఎవరిది, ఆదాయం ఎవరిది, నష్టం ఎవరిది అన్న ప్రశ్నలు గుడారపు మేకు భూమిలోకి దిగకముందే తేలాలి.

మూడు రాష్ట్రాల నడుమ లోయ

బంగారుపేట తాలూకాలోని కామసముద్రం, బూదికోట ప్రాంతాలు దాటితే కర్ణాటక భూమి ముగుస్తుంది. ఒక దిక్కున ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం ప్రాంతం, మరొక దిక్కున తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, సంతలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ ఊళ్లలో సర్వసాధారణం. మనుషులకు సరిహద్దు రాళ్లు ఉన్నా, ఇక్కడి గుట్టలకు, వాగులకు, అడవికి అవి లేవు. నంది కొండల్లో పుట్టిన పాలారు కోలారు జిల్లా మీదుగా కుప్పం వైపు సాగి తమిళనాడు చేరుతుంది. మార్కండేయ నది దక్షిణ పెన్నలో కలిసేందుకు కొండల నడుమ నుంచి పోతుంది.

ఆ మార్కండేయ నదిమీద బంగారుపేట తాలూకా యరగోళ్ వద్ద కట్టిన ఆనకట్ట 2023 నవంబరులో ప్రారంభమైంది. కోలారు, బంగారుపేట, మాలూరు పట్టణాలకు తాగునీరు అందించడం దాని ఉద్దేశం. కరవుకు పేరుపడిన జిల్లాలో కొండల నడుమ అంత నీరు నిలవడమే ఒక దృశ్యం. చుట్టూ గుట్టలు, మధ్యలో నీరు, జనసంచారం తక్కువ. గుడారాల విడిదికి మనసు లాగడానికి ఇంతకు మించి ఏమి కావాలి? కాని అదే నీరు మూడు పట్టణాల కుళాయిల్లోకి పోవాలి. ఒడ్డున మరుగుదొడ్డి లేని విడిది, పారవేసిన ప్లాస్టిక్ సంచి, పగిలిన సీసా ఆ నీటి బాగోగులకు సంబంధించిన విషయాలే అవుతాయి.

ఆర్థిక కోణాన్ని కూడా విస్మరించరాదు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తరువాత కేజీఎఫ్, బంగారుపేట ప్రాంతాల నుంచి వేలాదిమంది తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పనిచేసి చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నారు. సొంత ఊళ్లో పది మందికి కూలి దొరికే అవకాశం ఏది వచ్చినా దానిని తేలికగా తీసిపారేసే స్థితిలో ఈ ప్రాంతం లేదు. దారి చూపేవారికి, వంట చేసేవారికి, పాలు, కూరగాయలు అమ్మేవారికి అడవి విడిది నాలుగు రూపాయలు తెచ్చిపెట్టగలదు. కనుక గుడారాలు వద్దనడం కంటే, ఎలాంటి గుడారాలు, ఎక్కడ, ఏ నెలల్లో, ఎవరి మాటమీద అని అడగడమే గ్రామాలకు ప్రయోజనకరం.

రాగి పంట కాలమే గుడారాల కాలం

ఈ అడవులకు ఏనుగుల రాక పాత కథే అయినా, ఇప్పటి రూపంలో అది నాలుగు దశాబ్దాల చరిత్ర. చాలా తరాలుగా అడవి ఏనుగులు కనిపించని చిత్తూరు జిల్లాలోకి 1980ల మధ్యలో తమిళనాడు, కర్ణాటక అడవుల వైపు నుంచి గుంపులు వచ్చి స్థిరపడ్డాయి. వాటి రక్షణ కోసమే 1990లో కుప్పం, పలమనేరు అడవుల్లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. హోసూరు, కృష్ణగిరి అడవుల నుంచి కౌండిన్య వరకు తిరిగే గుంపులకు కామసముద్రం వైపు అడవులు దారిలోని మజిలీలు.

పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, 100 లీటర్లకు పైగా నీరు కావాలి. పలచబడిన పొదల అడవి అంత మేత ఇవ్వలేదు. అందుకే పొలాలకు దిగుతాయి. కోలారు జిల్లాలో వర్షాధారపు రాగి ఆషాఢ, శ్రావణాల్లో విత్తి మార్గశిరం నాటికి కోతకు వస్తుంది. కంకి పాలు పట్టినప్పటి నుంచి కళ్లంలో నూర్పిడి ముగిసే దాకా రైతుకు నిద్ర ఉండదు. టపాసులు, డబ్బాల మోత, టార్చి వెలుగు, నెగడు ఇవే అతని ఆయుధాలు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. గుడారాల వినోదానికి అనువైన కాలం కూడా సరిగ్గా ఇదే. వానలు తగ్గి, ఆకాశం తేటపడి, చలి మొదలయ్యే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నగరవాసులు కొండలకు వస్తారు. అంటే ఏనుగులు పంటమీద పడే నెలలు, రైతు మంచె ఎక్కే నెలలు, సందర్శకుడు గుడారం వేసే నెలలు ఒకటే. ఈ మూటినీ ఒక్క కాగితం మీద పెట్టి చూడకుండా విడిదికి అనుమతి ఇవ్వడం ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే.

ఏనుగు వాసన పట్టడంలో మేటి. గుడారంలో దాచిన అరటిపండ్లు, ఉప్పు, వండిన అన్నం దానిని దగ్గరకు రప్పించవచ్చు. పెద్ద వెలుతురు, పాటల పెట్టెల హోరు దానిని బెదరగొట్టవచ్చు. రెండవది చూడటానికి మంచిదే అనిపిస్తుంది గాని, నీటికి పోయే దారిలో బెదిరిన గుంపు మాయమైపోదు, పక్కకు తిరుగుతుంది. ఆ పక్కన ఉన్నది ఎవరి పొలం, ఎవరి ఇల్లు అన్నదే అసలు విషయం. గుడారంలో ఉన్నవారు తెల్లవారి వాహనమెక్కి వెళ్తారు. దారి మళ్లిన గుంపు మాత్రం ఆ రాత్రి ఎవరో ఒకరి రాగి చేలో ఉంటుంది. విడిది వల్ల కలిగే నష్టం విడిదిలోనే కనిపించాలన్న నియమం లేదు. అది రెండు మైళ్ల అవతల, మరొక పంచాయతీలో, ఒక్కొక్కప్పుడు మరొక రాష్ట్రంలో కనిపిస్తుంది.

గుహల సంగతి కూడా ఇటువంటిదే. కోలారు జిల్లా హనుమనహళ్లి గుహలో ఒక చిన్న గబ్బిలం జాతి నివసిస్తున్నది. శాస్త్రజ్ఞులు 1994లో దానిని కొత్త జాతిగా వర్ణించారు. కోలారు పేరుతోనే పిలిచే ఈ ఆకుముక్కు గబ్బిలం ప్రపంచంలో మరెక్కడా ఉన్నట్లు నమోదు కాలేదు. మిగిలినవి రెండు వందలకు లోపే అని అంచనా. తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో దానిని చేర్చారు. ఒక్క గుహలో పొగ కమ్మితే ఒక జాతి చరిత్రే ముగిసే స్థితి ఇది. రాత్రి గుహలో బస, నెగడు అన్న మాటలు ప్రచార పత్రాల్లో కనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుకు రావాలి.

పొరుగు రాష్ట్రాలు నేర్పిన పాఠాలు

ఈ భయాలు ఊహాజనితం అనుకునేవారికి గత కొన్నేళ్ల ఘటనలే సమాధానం. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చెలరేగి, కొండ ఎక్కడానికి వెళ్లిన బృందాల్లో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండిన గడ్డి, ఎదురుగాలి, దారి తెలియని కొత్తవారు, అనుమతి లేని మార్గం ఒక్కచోట కలిసిన ఫలితం అది. కోలారు గుట్టల్లో కూడా శివరాత్రి దాటితే గడ్డి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. నెగడులో మిగిలిన ఒక్క కణిక, పారవేసిన ఒక్క బీడీ ముక్క చాలు.

కేరళలోని వయనాడు జిల్లా మేప్పాడి వద్ద 2021 జనవరిలో గుడారాల విడిదికి వచ్చిన ఒక యువతిని అడవి ఏనుగు తొక్కి చంపింది. అడవిని ఆనుకుని గుడారాలు వేసి నడిపిన ఆ విడిదికి సరైన అనుమతులే లేవని ఆ తరువాత బయటపడింది. అదే నెలలో నీలగిరి జిల్లా మసినగుడిలో ఒక ఏనుగుపై మండుతున్న వస్తువు విసరగా, గాయాలతో ఆ ఏనుగు మరణించింది. అక్కడి విడిది గృహాల అక్రమాలు అప్పుడు చర్చకు వచ్చాయి. అంతకు మూడు నెలల ముందే, 2020 అక్టోబరు 14న, సీగూరు పీఠభూమిలోని ఏనుగుల మార్గంపై సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ మార్గాన్ని గుర్తిస్తూ తమిళనాడు ప్రభుత్వం 2010లో ఇచ్చిన ప్రకటనను సమర్థించింది. మార్గంలో వెలసిన విడిది గృహాలు తొలగాలన్నది దాని సారాంశం.

ఈ ఘటనల్లో ఒక పోలిక ఉంది. ముందు చిన్నగా, ఎవరికీ పట్టనట్లుగా మొదలవుతుంది. నాలుగు గుడారాలు నలభై అవుతాయి. పక్కనే రేకుల షెడ్డు, ఆ పక్కన సిమెంటు గది లేస్తాయి. ప్రాణం పోయాక తనిఖీ, తనిఖీ తరువాత మూసివేత, ఆపైన పదేళ్ల వ్యాజ్యం. ఈలోగా అప్పుచేసి అక్కడ కొట్టు పెట్టుకున్న పేదవాడు కూడా నష్టపోతాడు. నియమం ముందు, గుడారం తరువాత అన్న క్రమం గ్రామానికి మాత్రమే కాక, వ్యాపారం చేయదలచినవారికి కూడా రక్ష.

మంచి ఉదాహరణలు లేకపోలేదు. గోదావరి ఏజెన్సీలోని మారేడుమిల్లి దగ్గర, శేషాచలం కొండల్లోని తలకోనలో స్థానిక వనసంరక్షణ సమితుల భాగస్వామ్యంతో ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ పర్యాటక విడుదులు నడిపింది. ఊరివారే వంటవారు, ఊరివారే మార్గదర్శులు, వచ్చిన రుసుములో సమితికి పాలు అన్నది ఆ పద్ధతికి మూలం. లోపాలు ఉండవచ్చు. అయినా అడవిని కాపాడే చేతికే అడవి ఆదాయం కొంత అందాలన్న సూత్రం సరైనది.

నిబంధనల్లో మిగిలిన ఖాళీ

కర్ణాటకలో రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు పెట్టడం 1963 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. 2024 జనవరి చివర కుమారపర్వతం వద్ద వేల సంఖ్యలో జనం పోగుపడిన తరువాత, ఆన్‌లైన్ నమోదు లేని కొండ మార్గాల్లో పర్యటనలను రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. అదే ఏడాది అక్టోబరులో ‘అరణ్య విహార’ పేరిట నమోదు వ్యవస్థ అందుబాటులోకి వచ్చింది. రోజుకు ఇంతమందే అన్న పరిమితి, నమోదైన పేర్లు, వెంట మార్గదర్శి అన్నవి స్వాగతించదగిన మార్పులు.

కేంద్ర స్థాయిలో మరొక మార్పు జరిగింది. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అటవీశాఖ పని ప్రణాళికలో చేర్చిన పర్యావరణ పర్యాటక సదుపాయాలను అది అటవీయేతర వినియోగంగా లెక్కించదు. అంటే అటువంటి విడిదికి కేంద్రం ముందస్తు అనుమతి అన్న పాత అడ్డంకి చాలావరకు తొలగినట్లే. దారి సుగమమైంది గనుక ఇకమీదట అసలు చర్చ పని ప్రణాళిక తయారయ్యే దశలోనే జరగాలి. ఆ దశలో అడవి అంచు గ్రామం మాట వినిపించకపోతే, బోర్డు పాతిన తరువాత వినిపించి ప్రయోజనం లేదు.

రెండు రాష్ట్రాల మధ్య సహకారం కొంత మొదలైంది. ఏనుగుల సమస్యపై ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ప్రభుత్వాలు 2024 సెప్టెంబరులో విజయవాడలో ఒప్పందం చేసుకున్నాయి. 2025 మేలో కర్ణాటక శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు సమీపాన ముసలిమడుగు వద్ద వాటికి శిబిరం ఏర్పాటైంది. అయితే కుంకీలు పొలంలోకి వచ్చిన ఏనుగును తరమగలవు గాని, వినోదం కోసం మనుషులే ఏనుగు దారిలో కాపురం పెడితే అవి చేయగలిగింది తక్కువ.

అన్నిటికంటే కొట్టవచ్చినట్లు కనిపించే ఖాళీ సమాచారానిది. కృష్ణగిరి అడవిలో కదిలిన గుంపు ఒకే రాత్రిలో కర్ణాటక దాటి కుప్పం వైపు చేరవచ్చు. మూడు అటవీశాఖలు, మూడు భాషల కాగితాలు, మూడు కచేరీలు. పంట నష్టానికి, ప్రాణ నష్టానికి ఇచ్చే పరిహారం కూడా రాష్ట్రానికి ఒక తీరు. గుంపు ఒకటే అయినా, అది తొక్కిన చేను ఏ రాష్ట్రంలో ఉందన్నదాన్ని బట్టి రైతు చేతికి వచ్చే మొత్తం మారుతుంది. ఇప్పటికే ఇన్ని చిక్కులు ఉన్నచోట, దారులు తెలియని కొత్తవారిని రాత్రిపూట తెచ్చి ఉంచడం ఎంత జాగ్రత్త కోరుతుందో వేరే చెప్పనక్కర లేదు.

న్యాయం విషయం కూడా ఉంది. ఎండుకట్టెల మోపు తెచ్చుకున్న ముసలమ్మను, మేకలు తోలిన కుర్రవాడిని రిజర్వు అడవి పేరు చెప్పి ఆపే చట్టం, రుసుము కట్టినవాడు అదే అడవిలో నెగడు వేసుకుంటే చూడనట్లు ఊరుకుంటే ఊరివారికి చట్టంపై గౌరవం మిగలదు. అడవిని కాపాడాలన్న మాట ఇద్దరికీ ఒకే తూకంతో వర్తించాలి.

గ్రామాలు అడగవలసినవి

బంగారుపేట, కేజీఎఫ్ తాలూకాల సరిహద్దు గ్రామాలు ఈ విషయమై గ్రామసభల్లో ఇప్పుడే ఒక నిర్ణయానికి రావడం మంచిది. ఎవరో విడిది ప్రతిపాదనతో వచ్చాక ఉరుకులు పరుగులతో చర్చించడం కంటే, ముందే తమ షరతులు రాసి పెట్టుకోవడం వివేకం.

మొదటిది స్థలం. ఏనుగులు నీటికి దిగే దారులు, చెరువు గట్లు, ఆనకట్ట ఒడ్డు, గుహలు రాత్రి విడిదికి పనికిరావు. ఏ దారి ఎవరిదో మంచె ఎక్కిన రైతుకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు. కనుక స్థలం ఎంపికలో ఆ రైతు సంతకం ఉండాలి. ఏనుగుల రాకపోకలు ఉన్న అడవిలో పగటి నడకకు మాత్రమే అనుమతించి, రాత్రి బస ఊరికి దగ్గరగా, ఊరి ఇళ్లలోనో పాఠశాల వంటి గట్టి కట్టడంలోనో ఏర్పాటు చేయడం ఉభయులకు క్షేమం. అలా చేస్తే వంట కూలీ, బస రుసుము కూడా నేరుగా ఊరికే చేరుతుంది.

రెండవది కాలం. రాగి కంకి పాలు పట్టినప్పటి నుంచి కళ్లాలు ముగిసేవరకు, మళ్లీ వేసవిలో కార్చిచ్చు ప్రమాదం ఉన్నంత వరకు అడవి లోపల రాత్రి బసకు సెలవు ప్రకటించాలి. మిగిలిన నెలలు తక్కువే కావచ్చు. అడవి ఇవ్వగలిగినది అంతే అయినప్పుడు అంతకు మించి తీసుకోవడం అప్పు చేయడమే.

మూడవది సమాచారం. గుంపు సరిహద్దు దాటిందన్న కబురు అటవీశాఖ నుంచి ఊరికి వచ్చిన క్షణమే విడిదికీ చేరాలి, ఆ రాత్రికి విడిది మూతపడాలి. ఊరికి కబురు రాకపోతే విడిదికి అనుమతే ఉండరాదు. సందర్శకుడి భద్రత పేరున అయినా మూడు రాష్ట్రాల సిబ్బంది ఒకరికొకరు వెంటనే చెప్పుకునే ఏర్పాటు జరిగితే, దాని మేలు ఏడాది పొడుగునా రైతుకు దక్కుతుంది.

నాలుగవది డబ్బు. ప్రతి సందర్శకుని రుసుములో నిర్ణీత భాగం గ్రామ అరణ్య సమితి ఖాతాలో జమ కావాలి. ఆ భాగం నుంచి సౌర కంచెల మరమ్మతు, కాపలా కాసేవారికి టార్చి లైట్లు, పంట నష్టపు అర్జీలు రాసిపెట్టే మనిషి జీతం వంటివి జరగాలి. లెక్క ఏడాదికొకసారి గ్రామసభలో చదవాలి.

అయిదవది, అన్నిటికీ మూలమైనది, మూసే అధికారం. తెరవడానికి ఊరి సమ్మతి అడిగి, మూయడానికి మాత్రం పైవారి చుట్టూ తిరగమనడం సమ్మతి అనిపించుకోదు. రెండు తప్పులు జరిగాయని గ్రామసభ తీర్మానిస్తే విడిది ఆగిపోవాలి. ఈ షరతు అనుమతి పత్రంలోనే ఉండాలి.

ఇన్ని షరతులు పెడితే ఎవరు వస్తారని కొందరు అనవచ్చు. నిజంగా అడవి కోసం వచ్చేవారు వస్తారు. పాటల హోరు కోసం, మద్యం కోసం వచ్చేవారు రాకపోతే అడవికి గాని, ఊరికి గాని లోటు లేదు. నగరవాసి వెతికే నిశ్శబ్దం దానంతటదే ఉన్నది కాదు. అడవిని నరకకుండా వదిలిన తరాలు, ఏనుగు తొక్కిన చేనును మళ్లీ విత్తుకుంటున్న రైతులు దానిని నిలబెట్టారు. దాని మీద మాట చెప్పే హక్కు ముందుగా వారిది. అటవీశాఖ ఆ మాటను అడిగి తెలుసుకుంటే ఈ సరిహద్దు లోయల్లో గుడారం, మంచె ఒకదానికొకటి శత్రువులు కానక్కర లేదు. అడగకపోతే, నష్టం ఎవరికన్నది ఈ గ్రామాలకు ఇంకొకరు చెప్పనక్కర లేదు.